ఒడ్డున నడిచే ఇంజను

జూన్ 15

వేట తెరిచారు. రెండు నెలల వేట నిషేధం అయిపోయింది. తెల్లారకముందే పేటంతా ఒడ్డు మీదే ఉంది. బోట్లకి పసుపు, కుంకుమ, వేపరెమ్మలు. గంగమ్మ రాయి దగ్గర కొబ్బరికాయలు కొట్టే చప్పుడు ఆగలేదు. వరహాలు కొత్త లుంగీ కట్టుకుని పెళ్ళికొడుకులా తిరిగాడు. "ఏటయ్యా, సేపల ఇంటికి సంబందానికెల్తన్నావేటి?" అన్నాను. నిజంగానే సిగ్గుపడ్డాడు, పిచ్చి మొగుడు.

ఇంజను వరహాలు భుజం మీద. వలలు మా బోటులోనే వేటకొచ్చే కృష్ణంరాజన్న భుజం మీద. పెట్రోలు డబ్బా అత్త చంకలో. ఈ ఇంట్లో అంతే, మగాళ్ళు వేటకెళ్తుంటే ఒడ్డు దాకా డబ్బా ఇంటి పెద్ద ఆడదే మొయ్యాలి. మోకాళ్ళ నొప్పులతో ఎందుకత్తా, నేను తెస్తానంటే, "నా సేతులు పడిపోనాయేటే?" అని కసిరింది. సరే మోసుకో తల్లీ అని ఊరుకున్నాను.

ఎండెక్కేసరికి తిరిగొచ్చేశారు, తెడ్లేసుకుని. కెరటాలు దాటి కొంత దూరం పోయాక ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయిందట. ఎంత తాడు లాగినా లేవలేదట. వేట తెరిచిన మొదటి రోజు, ఒక్క చేప లేదు!

మధ్యాహ్నం గాలి లేచింది. పక్క పేట బోటు ఒకటి తిరగబడింది. మనుషులు ఈదుకొచ్చారు, వలలు పోయాయి. ఆ మాట వినగానే అత్త గుమ్మంలో కూలబడి సింహాచలం కొండ వైపు తిరిగి దండం పెట్టింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. నిషేధం రోజుల్లో ప్రతి నట్టూ విప్పి నేను స్వయంగా సర్వీసు చేసిన ఇంజను అది. తిరుమలరావు మెకానిక్ కూతురు చేసిన ఇంజను నడిసముద్రంలో ఆగిందని పేటంతా చెప్పుకుంటారు. ఎవరి మీద అరవాలో తెలియక ఇందులో రాస్తున్నాను.

జూన్ 16

ఇంజనుని నీళ్ళ డ్రమ్ముకి బిగించి తాడు లాగాను. రెండో లాగుకే లేచింది. నేను టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడుక్కునే దాకా నడుస్తూనే ఉంది. ఒడ్డున ఇంత బుద్ధిగా ఉండేది అక్కడికెళ్ళి ఎందుకు చస్తోంది? ప్లగ్గు తీసి చూస్తే తడిగా ఉంది. కొత్తది వేశాను.

"బాగైపోనాదా?" అన్నాడు వరహాలు.

"దానికేటి రోగం? గుండ్రాయిలాగుంది" అన్నాను.

జూన్ 17

ఆగింది.

జూన్ 18

కార్బరేటరు విప్పాను. ఈ కార్బరేటరే కదా నన్ను ఈ ఇంటికి తెచ్చింది. మూడేళ్ళ కిందట మా బావగారు అర్జునరావు ఇదే ఇంజనుతో వేటకెళ్ళాడు. గాలివానలో బోటు తిరగబడింది. బోటు దొరికింది, ఇంజను దొరికింది, మనిషి దొరకలేదు. ఉప్పునీళ్ళు తాగిన ఆ ఇంజనుని వరహాలు ముక్కలుగా విప్పి, చేపల గంపలో వేసుకుని, మల్కాపురంలో మా నాన్న స్కూటర్ షాపుకి తెచ్చాడు. "శవాన్ని తెచ్చి వైద్యం సెయ్యమంటన్నావేటి బాబూ?" అన్నాడు నాన్న. నేను గంప లాక్కున్నాను. ఇంజను లేచేసరికి మేమిద్దరం ప్రేమలో పడ్డాం. రైతు కులం పిల్ల జాలారింటికి వెళ్ళడమేమిటని మా వాళ్ళు ఏడాది పాటు మాట్లాడలేదు. పోనీ, ఆ గొడవ ఇప్పుడెందుకు.

కార్బరేటరు కింద కప్పులో తెల్లటి బురద ఉంది. ఉప్పేమోనని నాలుక మీద పెట్టుకుని చూశాను, పెట్రోలు మంట తప్ప ఏమీ తెలియలేదు. వేళ్ళ మధ్య రాస్తే పౌడరులా మెత్తగా జారింది. నాన్నకి ఫోన్ చేశాను.

"రెండు నెల్లు డబ్బాలో పెట్రోలు ఒగ్గీసినారేటి?"

"లేదు నాన్నా, కొత్తదే."

"అయితే అందులో నీల్లున్నాయి. ఇప్పటి పెట్రోల్లో స్పిరిట్ కలుపుతన్నారు కదా, అది నీరు తాగీసి అడుక్కి దిగిపోద్ది. నీల్లు ఊరికినే ఉండవు, లోపల అల్యూమినియాన్ని తినీస్తాయి. ఆ తెల్లటిది దాని పొడే అయ్యుంటాది. డబ్బా కడుగు, పైపు కడుగు, కప్పు కడుగు."

అన్నీ కడిగాను. డబ్బా మూతకి కొత్త వాషరు కూడా వేశాను. ఇంక చుక్క సముద్రం లోపలికి పోదు.

జూన్ 20

ఆగింది. కప్పులో మళ్ళీ అదే తెల్ల బురద. కడిగి మూడు రోజులు కాలేదు! ఇంత వేగంగా అల్యూమినియం తినేస్తే ఈపాటికి ఇంజను మొత్తం మాయమైపోవాలి.

జూన్ 22

డబ్బా అడుగు పెట్రోలుని ఖాళీ వాటర్ బాటిల్లో పోసి కిటికీలో పెట్టాను. వంట చేసుకుని వచ్చి చూస్తే, పైన పెట్రోలు, కింద వేలెడు మందాన తెల్లటి నీళ్ళు.

ఇప్పుడర్థమైంది ఒడ్డున ఎందుకు నడుస్తోందో. డ్రమ్ము దగ్గర డబ్బా కదలదు, నీళ్ళు అడుగున పడుకుంటాయి, పైపు పైన ఉన్న మంచి పెట్రోలు లాక్కుంటుంది. కెరటాల మీదకి వెళ్ళి డబ్బా ఊగితే అడుగుది లేస్తుంది. అప్పుడు ఇంజను నీళ్ళు తాగి చస్తుంది.

మూత గట్టిగానే ఉంది. సముద్రం పోయలేదంటే మనిషే పోస్తున్నాడు. బంకు నుంచి బండి మీద పెట్రోలు తెచ్చేది కృష్ణంరాజన్న. మా డబ్బాలో పోసేదీ కృష్ణంరాజన్నే. దారిలో కొంత తన బండిలో పోసుకుని, కొలత కోసం నీళ్ళు కలుపుతున్నాడా? రాయడానికి చెయ్యి రావడం లేదు. మా పెళ్ళికి నా వైపు నుంచి ఒక్కరూ రాకపోతే, అన్నగా నిలబడి సంతకం పెట్టిన మనిషి.

మనుషుల్ని నమ్మకూడదు.

జూన్ 23

ఒడ్డు మీద అందరి ముందూ అడిగేశాను. "అన్నా, పెట్రోల్లో నీల్లెందుకు కలుపుతన్నావ్?"

ఆయన నవ్వాడు. "ఏటే సెల్లీ, పొద్దున్నే పరాసికాలా?"

బాటిల్ తీసి చూపించాను. ఆయన నవ్వు అలాగే ఆగిపోయింది. బాటిల్ని చూశాడు, నన్ను చూశాడు.

"నానూ ఆ బోటే ఎక్కుతన్నాను కదే. నీల్లు కలిపి నా సావు నానే కొనుక్కుంటానేటి?"

"మరెవలు కలుపుతన్నారు? నువ్వే కదా తెచ్చేది?"

"రాధా, ఊరుకో!" అన్నాడు వరహాలు. నేను ఊరుకునే రకమా? ఇంకా నాలుగు మాటలన్నాను. అత్త డబ్బా చంకలో పెట్టుకుని మా పక్కనే నిలబడి ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. కృష్ణంరాజన్న అంటే ఆవిడకి ఎంత అభిమానమో అనుకున్నాను.

ఆయన వల నేల మీద పెట్టాడు. "బావా, నీ పెల్లాం మెకానిక్కు కదా, ఇంక ఆవిడ్నే బోటెక్కించుకో" అని వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను చేసింది సరైనదే. సరైనదే.

జూన్ 26

నేనే బంకుకి వెళ్ళి పెట్రోలు తెచ్చాను. బాటిల్లో పోసి చూశాను, కన్నీరంత తేటగా ఉంది. నేనే ఆయిలు కలిపాను, నేనే డబ్బా నింపాను. అత్త మోసుకెళ్ళింది. వరహాలు వెళ్ళాడు.

ఆగింది.

పాత నీళ్ళు పైపులో మిగిలి ఉంటాయి. అంతే అయ్యుంటుంది. కృష్ణంరాజన్న కాదని నేననడం లేదు.

జూలై 1

కృష్ణంరాజన్న వేరే వాళ్ళ బోటెక్కుతున్నాడు. వరహాలు ఒక్కడే వెళ్తున్నాడు. ఒక్కడే వల వెయ్యాలి, ఒక్కడే లాగాలి, ఇంజను ఆగితే ఒక్కడే తెడ్డు వెయ్యాలి.

మా చిన్నాన్న కూర్మన్నపాలెం నుంచి ఫోన్ చేశాడు. "ఆ తుక్కింజను అమ్మీసి రమ్మనే. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పన్లో పెడతాను" అన్నాడు. వరహాలుకి చెప్పాను. "అది మా అన్న ఇంజను" అన్నాడు.

"ఎక్కువ దూరం పోకు" అన్నాను, వెళ్ళేటప్పుడు.

"నువ్వు బాగుసేసిన ఇంజను పోనిస్తే కదా!"

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టే అయింది.

జూలై 8

అత్త సింహాచలం గిరి ప్రదక్షిణకని అడవివరంలో తన అక్క ఇంటికి వెళ్ళింది. ఆ మోకాళ్ళతో కొండ చుట్టూ నడుస్తుందట. వద్దంటే వినే మనిషి కాదు. నాలుగు రోజులు అక్కడే ఉండి వస్తానంది. డబ్బా నేను మొయ్యాలి.

జూలై 9

నడిచింది!

జూలై 10

నడిచింది! ఫిల్టరుని సబ్బు నీళ్ళతో కడిగి ఎండబెట్టాను కదా, అదే మందు. నాన్నకి కూడా తట్టలేదు ఈ సంగతి.

జూలై 11

గంప నిండా కానాగంత చేపలు. వరహాలు నన్ను ఎత్తి తిప్పాడు, చేపల కంపుతో సహా. పక్కింటి చిట్టమ్మ వచ్చి, "ఏటి మందేసినావే ఇంజనుకి?" అనడిగింది. "నా సేతి సలవ" అన్నాను. పులుసు గిన్నెడు ఇచ్చి పంపాను. చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాం.

జూలై 13

అత్త వచ్చింది. కాళ్ళు వాచిపోయాయి గానీ మొహం వెలిగిపోతోంది. పులిహోర, లడ్డూలు, పసుపు గుడ్డలో కట్టి స్వామి చందనం ముద్ద తెచ్చింది. నా నుదుటన పెట్టింది. ఇంజను నాలుగు రోజులుగా ఎక్కడా ఆగలేదని సంబరంగా చెప్పాను. "ఔనేటి" అంది. లోపలికెళ్ళి పడుకుంది.

జూలై 14

బతికొచ్చాడు. ఇంతకంటే రాయలేను.

జూలై 15

నిన్న ఇంజను ఓడల దారిలో ఆగింది. హార్బరులోకి వచ్చే పెద్ద ఓడ ఎదురుగా ఉంది. వరహాలు తాడు లాగాడు, లాగాడు, అరచేయి చీరుకుపోయింది. తర్వాత తెడ్డు పట్టుకున్నాడు. వల నీళ్ళలోనే ఉంది, అది బోటుని వెనక్కి లాగుతోంది. కత్తితో వల కోసేశాడు. మేమిద్దరం అల్లిన వల.

"ఓడ మీద మడిసి కనపడ్డాడే రాధా" అన్నాడు. "అంత ఎత్తు నుంచి కిందకి సూసి సెయ్యూపతన్నాడు. తప్పుకో అంటన్నాడో, టాటా సెప్తన్నాడో తెలీలేదు." చెప్పి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది.

ఇంకో బోటు వాళ్ళు చూసి, అడ్డంగా వచ్చి, తాడు విసిరి పక్కకి లాక్కుపోయారట. ఓడ కెరటం మాత్రమే తగిలింది, అది కూడా బోటుని గాల్లోకి ఎత్తేసిందట. తాడు విసిరింది ఎవరో వరహాలు ఆఖర్న చెప్పాడు.

కృష్ణంరాజన్న.

ఒడ్డుకి చేర్చి, తాడు విప్పుకుని, మా ఇంటి వైపు చూడకుండా వెళ్ళిపోయాడట.

అత్త నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. స్వామి పటం ముందు కూర్చుని లేవడం లేదు.

జూలై 16

ఇది రాసేటప్పటికి నేను నేనుగా లేను. అయినా రాస్తాను.

పొద్దున్న కప్పు విప్పి, ఆ తెల్ల బురదని న్యూస్ పేపరు మీద వేసి ఎండలో పెట్టాను. అదేమిటో తేల్చకుండా ఇంజను ముట్టకూడదనుకున్నాను. మధ్యాహ్నానికి పెట్రోలంతా ఎగిరిపోయి పొడి మిగిలింది. దగ్గరకెళ్తే ఏదో వాసన. అత్త అగరొత్తి వెలిగించిందేమోనని ఇంట్లోకి చూశాను, లేదు. పేపరు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

గంధం.

మళ్ళీ చూశాను. గంధమే! ఇంజను కడుపులో గంధం! వంటింట్లోకి పరుగెత్తి దేవుడి అర చూశాను. పసుపు గుడ్డ విప్పితే మొన్న తెచ్చిన చందనం ముద్ద ఒక పక్క అరిగి ఉంది. దాని పక్కన చెంచా, తెల్లగా పూత కట్టి. అంతా ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగింది. చంకలో డబ్బా. పాలిపోయిన మొహం. అత్త ఊళ్ళో లేని ఆ నాలుగు రోజులు. ఎంత గుడ్డిదాన్ని నేను!

పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది.

"అత్తా, డబ్బాలో ఏటి పోస్తన్నావ్?"

అబద్ధం ఆడుతుందనుకున్నాను. ఆడలేదు.

"సామి సందనం. ఇంట్లో పాతదుండీది, ఇప్పుడు కొత్తది తెచ్చినాను. నీల్లల్లో అరగదీసి, సెంచాడే."

"ఎందుకు?"

"ఎందుకేటే? మడిసికి బొట్టెడతాం, బోటుకి బొట్టెడతాం. నడిపించీది పెట్రోలు కదా, దానికెవలు పెడతన్నారు?"

అంత సూటిగా అడిగితే ఏం చెప్తాం?

"దాని వల్లే ఇంజను ఆగిపోతంది అత్తా!"

"తెల్సు."

ఆ ఒక్క మాటకి నేను పెరట్లో మట్టి మీద కూర్చుండిపోయాను. ఆవిడ చేప తిరగేస్తూనే మాట్లాడింది.

"మొదటి రోజు తెలీదు. బొట్టనే పోసినాను. ఆగిపోనాది, ఆడు ఇంటికొచ్చీసినాడు. మద్దినేల గాలి లేసింది, పక్కోల బోటు తిరగబడిపోనాది. అప్పుడు తెలిసింది, సామే ఆపినాడని. పెద్దోడు ఎల్లిననాడు ఈ ఇంజను ఎక్కడా ఆగలేదే. గాలికి ఎదురెల్లి మరీ నడిసింది. బాగా నడిసిన ఇంజనే కదే నా కొడుకుని తీసుకెల్లిపోనాది."

"మొన్న ఓడ కింద పడి సచ్చీవాడు! తెల్సా నీకు?"

"సావలేదు కదా" అంది. అన్నాక చెయ్యి ఆగింది. మొహం ముడుచుకుపోయింది. అలాగే ఎండుచేపల మీదకి ఒరిగిపోయి ఏడ్చింది. మూడేళ్ళ కిందట పెద్ద కొడుకు పోయినప్పుడు ఆవిడ ఏడవనే లేదని వరహాలు ఎప్పుడూ చెప్తాడు.

నేను తిట్టాను. ఏమేం తిట్టానో ఇక్కడ రాయను. "కృష్ణంరాజన్నని అన్నన్ని మాటలంటంటే నోరెందుకు మెదపలేదు?" అని కూడా అడిగాను.

"మెదిపితే నువ్వు ఆపించీస్తావు కదే" అంది.

తర్వాత నేనూ ఏడ్చాను. ఆవిడ చేతిలో ఆ చందనం ముద్ద పెట్టి స్వామి మీద ఒట్టు వేయించుకున్నాను. ఇంక డబ్బాలో చెయ్యి పెట్టనంది. వరహాలుకి చెప్పలేదు. తల్లే చావు దగ్గరకి తోసిందని ఏ కొడుక్కి చెప్పగలం?

జూలై 18

కృష్ణంరాజన్న ఇంటికి వెళ్ళాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. నేను వచ్చానని తెలిసినా తల ఎత్తలేదు. నిలబడే చెప్పాను, తప్పు నాదన్నా, క్షమించమని. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"మరి నీల్లెక్కడివి?" అన్నాడు.

"డబ్బా తుప్పు పట్టింది అన్నా. ఆ తుప్పే."

అప్పుడు తలెత్తాడు. నా వైపు తీరిగ్గా చూశాడు.

"డబ్బా ప్లాస్టిక్‌ది కదే సెల్లీ."

ఆయన వల పక్కన పెట్టి, ఫకాలున నవ్వాడు. "సర్లే. ఏదో తుప్పే. రేపు వత్తానని బావకి సెప్పు" అన్నాడు. నేను వీధి చివరిదాకా ఏడుస్తూనే వచ్చాను.

జూలై 24

నడుస్తోంది. రాయడానికేమీ లేదు.

ఆగస్టు 4

ఇంజను నడుస్తోంది. ఎంత బాగా నడుస్తోందంటే, ఇప్పుడు డాల్ఫిన్ నోస్ కొండ కనపడనంత దూరం పోతున్నారు. అక్కడే పెద్ద చేపలున్నాయట. వెనకటికి ఎండెక్కేసరికి వచ్చేసేవాడు, తిట్టుకుంటూ. ఇప్పుడు పొద్దు వాలే దాకా రాడు. అత్తా నేనూ గుమ్మంలో కూర్చుంటాం. నిన్న చీకటి పడుతుండగా ఇంజను చప్పుడు వినబడితే, ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం.

మంచిదే కదా. నడవాలనే కదా ఇంత కష్టపడ్డాను.

ఆగస్టు 9

పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. అందరి ఫోన్లకీ మెసేజీలొచ్చాయి, అల్పపీడనం, వేటకి పోవద్దని. "ఈ మెసేజీలు రోజూ వత్తనే ఉంటాయి. గాలి ముందు రోజే సేపలు పైకొత్తాయి" అన్నాడు వరహాలు. పేటలో సగం బోట్లు రేపు వెళ్తున్నాయి. కృష్ణంరాజన్న కూడా సరేనన్నాడట.

నేను బతిమాలాను, అరిచాను, అన్నం పెట్టనన్నాను. "ఇంజను బాగున్నాది కదే, గాలొత్తే లగెత్తుకొచ్చీయనా?" అన్నాడు. మా బావగారు కూడా ఇదే మాట అని వెళ్ళాడని అత్త ఎన్నోసార్లు చెప్పింది.

అత్త నన్ను చూసింది. "నా సేతులు ఒట్టేసుకున్నాయి. రేపు డబ్బా నువ్వే మొయ్యి" అంది.

ఆగస్టు 10

ఇంజను స్టార్ట్ కాలేదు. కప్పులో చెత్త చేరింది.

ఆగస్టు 10, సాయంత్రం

చెత్త కాదు. ఎవరు చదువుతారని ఇక్కడ కూడా అబద్ధం రాశాను?

అత్తకి ఇంజను తెలియదు. చెంచాడు పోసేది. చెంచాడైతే అడుగున పడుకుని, కెరటాలు దాటాక లేచి, నడిసముద్రంలో ఆపుతుంది. నాకు ఇంజను తెలుసు. గ్లాసుడు పోస్తే పైపు అందుకునేదంతా నీళ్ళే, ఒడ్డునే లేవదు. డబ్బా బయటికి తీసే ముందు నేను గ్లాసుడు పోశాను. చందనం లేదు, దండం లేదు, ఉత్త కుళాయి నీళ్ళు. నా చేతులే మూత తిప్పాయి. నా చేతులేనా ఇవి? కృష్ణంరాజన్నని అందరి ముందూ నిలబెట్టి అడిగింది ఈ పనికే కదా!

ఇద్దరూ మార్చి మార్చి తాడు లాగారు. వరహాలు అరచేతి గాయం మళ్ళీ చిట్లింది. మిగతా బోట్లన్నీ ఒక్కొక్కటే కెరటాలు దాటిపోయాయి. ఆఖరికి వరహాలు డబ్బాని ఇసకలో తన్నాడు. "మెకానిక్కంట!" అన్నాడు నన్ను చూసి. ఎప్పుడూ అలా అనలేదు.

కృష్ణంరాజన్న డబ్బా ఎత్తాడు. ఊపి చూశాడు. మూత తీసి లోపలికి తొంగి చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"తుప్పేనా సెల్లీ?" అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా.

"తుప్పే అన్నా" అన్నాను.

ఆయన డబ్బా తీసుకెళ్ళి దూరంగా ఇసకలో ఒంపేశాడు.

గాలి రాలేదు. రోజంతా ఆకు కదల్లేదు. వెళ్ళిన బోట్లన్నీ గంపలు నింపుకుని వచ్చాయి, అందరూ క్షేమం. చిట్టమ్మ జాలిపడి మాకు నాలుగు చేపలు ఇచ్చింది. వరహాలు వాటిని ముట్టుకోలేదు. అత్త వండింది. నా కంచంలో పెద్ద ముక్క వేసి, నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది.

హెచ్చరిక ఇంకో రెండు రోజులు పొడిగించారట. ఇంజను రేపటికి బాగవుతుందా అని వరహాలు గోడ వైపు తిరిగి అడిగాడు. అవుతుందన్నాను. డబ్బా నేనే తెస్తానన్నాను.